గుండె ఒక్కరోజులో చెడిపోదు

మా పెదనాన్న పోయిన రోజు ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ అన్న మాట ఒకటే: "నిన్నటిదాకా బాగానే ఉన్నాడు కదమ్మా!" ముందురోజు సాయంత్రం రావిచెట్టు అరుగు మీద కబుర్లు చెప్పాడు. రాత్రి పెరుగన్నం తిని పడుకున్నాడు. తెల్లవారుజామున నాలుగింటికి గుండెల మీద బరువు పెట్టినట్టుందని లేచాడు. ఒళ్ళంతా చెమటలు. గ్యాస్ అనుకున్నారు. సోడా తాగించారు, వాము నమిలించారు. తెల్లారాక ఊళ్ళో ఆర్‌ఎంపీ వచ్చి ఇంజెక్షన్ చేశాడు. నొప్పి తగ్గినట్టే తగ్గి ఎడమ చేతిలోకి పాకింది. టౌన్లో ఆసుపత్రికి చేరేసరికి పదకొండయింది. ఆ రాత్రి గడవలేదు.

నిన్నటిదాకా బాగానే ఉన్నాడన్న మాటలో ప్రేమ ఉంది, దుఃఖం ఉంది. నిజం లేదు. పదేళ్ళ కిందటే ఆయనకు బీపీ ఉందని తేలింది. నాలుగు నెలలు బిళ్ళలు వేసుకుని, ఒంట్లో తేలికగా ఉందని మానేశాడు. చుట్ట మాత్రం మానలేదు. గుండె గురించి వైద్యశాస్త్రం నాలుగు వందల ఏళ్ళలో నేర్చినదాన్ని కుదించి చెప్పమంటే నేను చెప్పేది ఇదే: గుండె ఒక్కరోజులో చెడిపోదు, చెడిపోయిన సంగతి ఒక్కరోజులో బయటపడుతుంది. ఆ రెంటి నడుమ ఎన్నో ఏళ్ళుంటాయి. మన చేతిలో ఉన్నది ఆ ఏళ్ళే.

రక్తం తిరుగుతుందని తెలిసిందెలా

రెండో శతాబ్దపు గ్రీకు వైద్యుడు గాలెన్ లెక్కలో రక్తం కాలేయంలో పుట్టి, చేనుకు పెట్టిన తడిలా అవయవాల్లో ఇంకిపోతుంది. ఇంకినంతా తిన్న తిండి నుంచి మళ్ళీ పుడుతుంది. యూరప్ ఈ మాటను దాదాపు పద్నాలుగు వందల ఏళ్ళు నమ్మింది. 13వ శతాబ్దంలో కైరోలో వైద్యం చేసిన ఇబ్న్ అల్-నఫీస్, గుండె కుడిభాగం నుంచి ఎడమకు అడ్డదారి లేదనీ, రక్తం ఊపిరితిత్తుల మీదుగానే పోవాలనీ రాశాడు. ఆ రాత చాలాకాలం మరుగున పడిపోయింది.

1628లో ఇంగ్లండు వైద్యుడు విలియం హార్వే గాలెన్‌ను ఓ చిన్న గుణకారంతో కూలదోశాడు. ఆ లెక్క ఇప్పటి అంకెలతో మనమూ వేసుకోవచ్చు. గుండె ఒక్కసారి కొట్టుకుంటే దాదాపు 70 మిల్లీలీటర్ల రక్తం బయటికొస్తుంది. నిమిషానికి 70 సార్లు కొట్టుకుంటే అయిదు లీటర్లు. అరగంటకు నూటయాభై లీటర్లు. ఒంట్లో ఉన్న రక్తమే అయిదు లీటర్లయినప్పుడు, అరగంటకు అన్ని లీటర్లు పుట్టించగల తిండి ఏముంది? కాబట్టి వెళ్ళిన రక్తమే తిరిగొస్తోంది. హార్వే చాలా తక్కువ అంకెలు వేసుకున్నాడు. అయినా తేలింది ఇదే.

ఆయన చూపించిన రుజువు ఇంట్లో కూర్చుని చూడొచ్చు. మోచేతి పైన తువ్వాలు కాస్త బిగించి కడితే ముంజేతి మీద నరాలు ఉబ్బుతాయి. మనం నరాలంటాం గానీ అవి సిరలు. అక్కడక్కడ చిన్న కణుపుల్లా కనిపించేవి కవాటాలు. ఒక వేలితో సిరను కింద నొక్కిపెట్టి, ఇంకో వేలితో రక్తాన్ని పైకి, కణుపు దాటేదాకా నెట్టండి. ఆ ముక్క ఖాళీ అయి చదునుగా ఉండిపోతుంది. పైనున్న రక్తం కిందికి దిగదు. కింది వేలు తీయగానే అరచేతి వైపు నుంచి నిండుతుంది. సిరల్లో రక్తం గుండెవైపే నడుస్తుందని ఇంతకన్న సూటిగా చెప్పే సాక్ష్యం లేదు.

ధమనుల్లోంచి సిరల్లోకి రక్తం ఎలా దాటుతుందో హార్వే చూడలేకపోయాడు. ఆయన పోయిన నాలుగేళ్ళకు, 1661లో, ఇటలీలో మార్సెల్లో మాల్పీగీ కప్ప ఊపిరితిత్తిని సూక్ష్మదర్శిని కింద పెట్టి, వెంట్రుక కన్నా సన్నని కేశనాళికలను చూశాడు. చక్రం పూర్తయింది.

పంపూ, దాని తీరికా

మాంసం కొట్టులో మేక గుండె అడిగి తెచ్చుకుని, కడిగి, నిలువునా కోసి చూడండి. మనిషి గుండె కట్టుబడి కూడా దాదాపు ఇదే. పైన పలచటి గోడలున్న రెండు కర్ణికలు, కింద దళసరి గోడల రెండు జఠరికలు. కుడి జఠరిక గోడ పలచన, ఎడమది దానికి మూడింతలు. కుడిది రక్తాన్ని పక్కనే ఉన్న ఊపిరితిత్తులకు పంపితే చాలు, ఎడమది తలనుంచి కాలివేళ్ళ దాకా నెట్టాలి. కర్ణికకూ జఠరికకూ మధ్య తెల్లని పలచటి రెక్కలు కనిపిస్తాయి. ఆ రెక్కల అంచులనుంచి గోడకు బిగిసి ఉన్న సన్నని దారాలను వేలితో లాగి చూస్తే తేలిగ్గా తెగవు. జఠరిక ముడుచుకున్నప్పుడు రెక్కలు వెనక్కి తిరగబడకుండా పట్టి ఉంచేవి ఆ దారాలే. గుండె మీద, కొవ్వు మధ్యన, సన్నని గొట్టాలు పాకుతుంటాయి. అవి గుండెకు తిండి పెట్టే కరోనరీ ధమనులు. ఈ వ్యాసంలో సగం కథ వాటిదే.

మనిషి గుండె పిడికెడంత. బరువు దాదాపు 300 గ్రాములు. రోజుకు లక్షసార్లు కొట్టుకుని ఏడువేల లీటర్ల రక్తాన్ని నెడుతుంది. ఎవరూ చెప్పకుండా అదెలా కొట్టుకుంటుంది? 1907లో ఆర్థర్ కీత్, మార్టిన్ ఫ్లాక్ కుడి కర్ణిక పైభాగంలో ఒక చిన్న కణజాలపు ముద్దను గుర్తించారు. దాన్నే సిరాకర్ణికా కణుపు అంటాం. విద్యుత్ తాఖీదు అక్కడ పుట్టి కర్ణికల్లో పాకి, మధ్యలో ఒక క్షణం ఆగి, జఠరికలకు అందుతుంది. ఆ ఆగడం వల్లే కర్ణికలు తమ రక్తాన్ని కిందికి దించాక జఠరికలు ముడుచుకుంటాయి. ఈసీజీ కాగితం మీద గీసేది ఈ తాఖీదు ప్రయాణాన్నే. దాన్ని పట్టే యంత్రాన్ని తీర్చిదిద్దినందుకు విలెం ఐంతోవెన్‌కు 1924లో నోబెల్ వచ్చింది.

గుండె విశ్రాంతి లేకుండా పనిచేస్తుందంటారు. అది సరికాదు. ఒక స్పందనకు పట్టే 0.8 సెకన్లలో జఠరిక ముడుచుకునేది సుమారు 0.3 సెకన్లే. మిగతా కాలమంతా సడలి, నిండుతూ ఉంటుంది. ఎడమ గోడలోని కండ తన రక్తం తాను తాగేది ఎక్కువగా అప్పుడే. బిగిసినప్పుడు లోపలి గొట్టాలు నలుగుతాయి కనుక రక్తం పారదు. గుండెవేగం పెరిగినప్పుడు మొదట తరిగేది ఈ తీరిక. ధమనులు ఇరుకైనవాడు నాలుగు మెట్లెక్కగానే గుండె పట్టేసినట్టయి ఆగిపోవడానికి కారణం ఇదే: పని పెరిగింది, తినే వేళ తగ్గింది.

ఈ కండకు ఇంధనం సంగతిలో మన భీమవరం బిడ్డ పేరుంది. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి యల్లాప్రగడ సుబ్బారావు 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొన్నారు. 1929లో కండకు ఇంధనమైన ఏటీపీని వేరుచేశారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని పట్టుకున్నాడు. గుండె ఒక్కరోజులో ఖర్చుపెట్టి తిరిగి చేసుకునే ఏటీపీ దాని సొంత బరువుకు ఎన్నో రెట్లు. నిల్వ ఉండేది కొద్ది సెకన్లకే సరిపోతుంది. అందుకే రక్తం ఆగితే గుండె ఓర్చుకోలేదు. సుబ్బారావు 1948లో 53 ఏళ్ళకే గుండెపోటుతో పోయారు.

కాలువలు

ధవళేశ్వరం దగ్గర గోదావరి నీళ్ళు ప్రధాన కాలువలోకి వడిగా దిగుతాయి. కొమ్మ కాలువలు, పిల్ల కాలువలు, పంటబోదెలుగా చీలి, చేలోకి వచ్చేసరికి మెల్లగా పాకుతాయి. మెల్లగా పాకబట్టే మడి తడుస్తుంది. ఒంట్లోనూ అంతే. బృహద్ధమనిలో ఉరికిన రక్తం కేశనాళికల్లో సెకనుకు ఒక మిల్లీమీటరు కన్నా తక్కువ దూరం నడుస్తుంది. ఎర్రకణాలు ఒకదాని వెనక ఒకటి, ఒక్కోచోట ఒళ్ళు వంచుకుని దూరుతాయి. ఆ నిదానంలోనే ఆక్సిజన్ దిగుతుంది, బొగ్గుపులుసు వాయువు ఎక్కుతుంది.

కాలువకు తూముల్లాగా చిన్న ధమనుల గోడల్లో కండ ఉంటుంది. అన్నం తిన్నాక పేగులవైపు తూములు తెరుచుకుంటాయి, పరుగెత్తితే కాళ్ళవైపు. అన్నీ ఒకేసారి తెరిచేంత నీరు ఒంట్లో లేదు. వాడిన రక్తాన్ని కాళ్ళనుంచి పైకెక్కించే పని పిక్కలది. నడిచినప్పుడు పిక్క కండ సిరను పిండుతుంది, కవాటం దాన్ని కిందికి జారనివ్వదు. రోజంతా నిలబడి పనిచేసేవాళ్ళ పిక్కల మీద సిరలు మెలికలు తిరిగి ఉబ్బడానికి కారణం ఆ కవాటాలు సడలిపోవడమే.

చప్పుడు చేయని ఒత్తిడి

1896లో ఇటలీ వైద్యుడు రీవా రోచ్చి చేతికి చుట్టే పట్టీని తయారుచేశాడు. 1905లో రష్యా సర్జన్ కొరొత్కోవ్ దాని కింద స్టెతస్కోప్ పెట్టి విన్నాడు. పట్టీ బిగించి రక్తాన్ని ఆపేసి, గాలి మెల్లగా వదులుతుంటే ఒకచోట టక్ టక్‌మని మొదలవుతుంది, అది పై అంకె. ఇంకా దిగాక చప్పుడు ఆగిపోతుంది, అది కింది అంకె. ఆసుపత్రిలో పలుమార్లు చూసినా 140/90 లేదా అంతకు మించి ఉంటే అధిక రక్తపోటు.

ఆ అంకె ఎంత ప్రమాదమో చాలాకాలం వైద్యులకూ తెలియదు. వయసుతోపాటు గట్టిపడ్డ గొట్టాల్లో రక్తం నడవాలంటే ఒత్తిడి పెరగాల్సిందేననుకున్నారు. అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు 1944 మార్చిలో రక్తపోటు 186/108. 1945 ఏప్రిల్ 12న మెదడులో నాళం చిట్లి పోయిన రోజున 300/190. ఒక దేశాధ్యక్షుడికి కూడా పనికొచ్చే మందు అప్పుడు లేదు. ఇప్పుడు రోజుకో బిళ్ళ చాలామందికి సరిపోతుంది. అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం అధిక రక్తపోటు ఉన్న పెద్దల్లో సుమారు సగంమందికి ఆ సంగతే తెలియదు. అదుపులో ఉన్నది అయిదుగురిలో ఒకరికి.

అదుపులో లేకపోవడానికి మూలం పెదనాన్న చేసినలాంటి పనే. బీపీకి నొప్పి లేదు. నొప్పి లేనిదానికి రోజూ బిళ్ళ ఎందుకనిపిస్తుంది. బిళ్ళ వల్ల అంకె తగ్గితే జబ్బు పోయిందనుకుంటాం. ఈలోగా ఎడమ జఠరిక ఎక్కువ బరువు లాగీ లాగీ గోడ మందమవుతుంది, మూత్రపిండాల వడపోత దెబ్బతింటుంది, మెదడు నాళాలు పెళుసవుతాయి.

గొట్టం గోడలో జరిగేది

గుండెపోటు అంటే పైపులో పాచి పేరుకున్నట్టు కొవ్వు పేరుకుని ఒకనాటికి మూసుకుపోవడమని చాలామంది ఊహ. జరిగేది వేరు. చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ ధమని లోపలి పొరలోంచి గోడలోకి చొరబడుతుంది. పొగ, షుగరు, అధిక ఒత్తిడి ఆ పొరను గాయపరిచి దారి సులువు చేస్తాయి. దాన్ని శుభ్రం చేయడానికి వచ్చిన తెల్లకణాలు తిని తిని అక్కడే ఉబ్బి చస్తాయి. వాటి మీద ఒక పక్కు కడుతుంది. ఇది ఏళ్ళ తరబడి సాగుతుంది. ఒకనాడు ఆ పక్కు చిట్లుతుంది. పుండు పడిందనుకుని రక్తం గడ్డకడుతుంది. వేలు తెగినప్పుడు మనల్ని కాపాడే గుణమే ఇక్కడ నిమిషాల్లో దారి మూసేస్తుంది. చిట్లే పక్కు చాలాసార్లు దారిని సగం కూడా మూయనిదే. నిన్నటిదాకా మనిషి పొలం వెళ్ళి రాగలగడానికి కారణం అదే.

దారి పూర్తిగా మూసుకుంటే అరగంటలోపే కండ చావడం మొదలవుతుంది. లోపలి పొరనుంచి బయటికి, కొన్ని గంటలపాటు ఆ చావు పాకుతుంది. పెదనాన్న ఇంట్లో సోడా సీసా తెరిచిన వేళకు ఆ కండలో చాలాభాగం బతికే ఉంది.

ఈ నొప్పి ఛాతీ మధ్యన బరువుగా, బిగింపుగా ఉండి చేతికి, దవడకు, వీపుకు పాకవచ్చు. ఆడవాళ్ళకు, షుగరున్నవాళ్ళకు నొప్పి లేకుండా ఆయాసం, నీరసం, వాంతులే రావచ్చు. మన ఊళ్ళలో గుండెపోటునే 'హార్ట్ స్ట్రోక్' అంటాం. అసలు స్ట్రోక్ మెదడుది, అంటే పక్షవాతం. గుండెపోటు గొట్టం మూసుకోవడం. గుండె ఆగిపోవడం లయ తప్పడం వల్ల. పోటు వచ్చిన గుండె ఆగిపోవచ్చు. ఆగి మనిషి కుప్పకూలితే 108కి ఫోన్ చేయించి, ఛాతీ మధ్యన రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాల లోతుకు నొక్కుతూ ఉండాలి. మనం చేతులతో ఆడించేది ఆగిన పంపునే.

కవాటం, లయ, కండ

మిగతా జబ్బులకు కూడా కారణం ఈ ప్రవాహంలో ఏదో ఒకచోట వచ్చే లోపమే. వెయ్యిమంది పిల్లల్లో ఎనిమిది, తొమ్మిదిమంది గుండె నిర్మాణంలో ఏదో లోపంతో పుడతారు. చిల్లు ఉంటే ఎడమనుంచి కుడికి రక్తం కారి ఊపిరితిత్తుల మీద బరువు పడుతుంది. పాలు తాగుతూ బిడ్డ ఆగి ఆగి రొప్పుతుంటే, నుదుట చెమట పడుతుంటే చూపించాలి.

బడి ఈడు పిల్లలకు గొంతునొప్పి తెచ్చే స్ట్రెప్టోకోకస్ వల్ల కీళ్ళవాతపు జ్వరం వచ్చి, మేక గుండెలో చూసిన ఆ తెల్లని రెక్కలు అతుక్కుపోతాయి. కిక్కిరిసిన ఇళ్ళలో, పేదరికంలో ఇది ఎక్కువ. చాలామంది ఆడపిల్లలకు తొలి కాన్పులో ఆయాసం వచ్చాక గానీ సంగతి తెలియదు. మూడు వారాలకోసారి వేసే పెన్సిలిన్ ఇంజెక్షన్ ఆ జ్వరం తిరగబెట్టకుండా కాపాడుతుంది. దాని ఖరీదు కవాటం మార్చే ఆపరేషన్ ఖర్చు ముందు లెక్కలోకి రాదు.

లయ తప్పి కర్ణికలు వణికితే అక్కడ నిలిచిన రక్తం గడ్డకట్టి మెదడుకు ఎగరవచ్చు. కండ బలం తగ్గితే వెనక నీరు నిలుస్తుంది: కాళ్ళ వాపు, వెల్లకిలా పడుకోలేని ఆయాసం. ఇక్కడొక భయం తీర్చాలి. టూడీ ఎకో కాగితంలో ఈఎఫ్ 60 శాతం అని చూసి, నలభై శాతం గుండె పోయిందని ఏడ్చినవాళ్ళను చూశాను. నిండిన రక్తంలో ఒక్క స్పందనకు బయటికి వెళ్ళే వాటా అది. ఏ ఆరోగ్యవంతుడికీ నూరు ఉండదు. 60 అంటే మంచి గుండె.

చికిత్స ఎక్కడిదాకా వచ్చింది

1929లో జర్మనీలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే కుర్ర డాక్టరు తన మోచేతి సిరలోంచి గొట్టాన్ని తన గుండెలోకే ఎక్కించుకుని ఎక్స్‌రే తీయించుకున్నాడు. అందరూ తిట్టారు. 1956లో నోబెల్ ఇచ్చారు. ఆ దారినే 1977లో ఆండ్రియాస్ గ్రూంట్‌సిగ్ జ్యూరిక్‌లో బెలూన్‌తో కరోనరీ ధమనిని తెరిచాడు. తెరిచిన ధమని మళ్ళీ మూసుకోకుండా పట్టి ఉంచే స్టెంట్లు 1986లో వచ్చాయి. హైదరాబాద్‌లో గుండె వైద్యుడు డాక్టర్ సోమరాజు, శాస్త్రవేత్త అబ్దుల్ కలాం కలిసి 1990ల్లో చవక స్టెంటు చేయించారు. రాజమండ్రిలో పుట్టిన డాక్టర్ పి. వేణుగోపాల్ 1994లో ఢిల్లీ ఎయిమ్స్‌లో దేశంలో తొలి విజయవంతమైన గుండెమార్పిడి చేశారు. 2017 ఫిబ్రవరిలో కేంద్రం మందుపూత స్టెంటు ధరకు 29,600 రూపాయల హద్దు పెట్టింది. అంతకుముందు అది లక్ష దాటేది.

ఇన్ని గొప్ప పరికరాల నడుమ చవకదాన్ని మరవకూడదు. 17,187 మంది గుండెపోటు రోగులతో జరిగి, 1988లో ఫలితాలు వెలువడిన ఐసిస్-2 పరీక్షలో నెలరోజులపాటు ఇచ్చిన ఆస్పిరిన్ ఒక్కటే మరణాలను 23 శాతం తగ్గించింది. గడ్డ కరిగించే స్ట్రెప్టోకైనేజ్ కూడా కలిపితే 42 శాతం తగ్గాయి. ఎంత ముందు అందితే అంత మేలు.

స్టెంటు గురించి వాదన ఒకటుంది. గుండెపోటు నడుస్తుండగా దారి తెరవడం ప్రాణం నిలబెడుతుంది, అందులో సందేహం లేదు. నడిస్తే వచ్చి ఆగితే తగ్గే నిలకడైన నొప్పికి మాత్రం సంగతి వేరు. 2020లో ప్రచురించిన ఇస్కీమియా అధ్యయనంలో 5,179 మందిని చూశారు. మందులతో మొదలుపెట్టినవాళ్ళ కన్నా వెంటనే స్టెంటో బైపాసో చేయించుకున్నవాళ్ళలో మరణాలు తగ్గలేదు. నొప్పి మాత్రం బాగా తగ్గింది. ఎడమ ప్రధాన ధమనిలో అడ్డంకి ఉన్నవాళ్ళను ఇందులో చేర్చలేదు. దీన్నిబట్టి తెలిసేదేమిటంటే, స్టెంటు ఒకచోట గొట్టాన్ని సరిచేస్తుంది, జబ్బు గొట్టాలన్నిటి గోడల్లోనూ ఉంటుంది. ఆ గోడలను కాపాడేవి బీపీ బిళ్ళ, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ బిళ్ళ, పొగ మానడం, నడక. స్టెంటు వేశారు కదా అని బిళ్ళలు మానేయడం కన్నా పెద్ద పొరపాటు లేదు.

మన ఊళ్ళ సంగతి

అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే ఊరిలో 1948లో 5,209 మందితో మొదలైన పరిశీలన వల్లే బీపీ, కొలెస్ట్రాల్, పొగ గుండెను చెడగొడతాయని రుజువైంది. 2004లో వచ్చిన ఇంటర్‌హార్ట్ 52 దేశాల్లో చూసి, తొలి గుండెపోట్లలో తొంభై శాతానికి తొమ్మిది కారణాలు చాలని తేల్చింది. అవన్నీ మనం కొలవగలిగినవి, మార్చుకోగలిగినవి. దక్షిణాసియావాళ్ళకు తొలిపోటు సగటున 53 ఏళ్ళకే వస్తోందనీ, మిగతా దేశాల్లో దాదాపు 59కి వస్తోందనీ కూడా అందులోనే తేలింది.

ఇది పట్నం జబ్బనుకునేవాళ్ళు గోదావరి జిల్లాల లెక్క చూడాలి. 2003-04లో ఆ రెండు జిల్లాల్లోని 45 గ్రామాల్లో మరణాలను నమోదు చేస్తే, 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవే. అంటువ్యాధులు 12 శాతం. కాలువల కింద పచ్చగా ఉన్న పల్లెల్లో అప్పటికే ఈ మార్పు జరిగిపోయింది. ఆ తర్వాత 2005లో 108 వచ్చింది, 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. ఆపరేషన్ ఖర్చుకు పొలం అమ్మే గతి చాలా ఇళ్ళకు తప్పింది. అయితే ఆరోగ్యశ్రీ చివరి రోజున ఆదుకుంటుంది. ఆ ముందరి ఇరవయ్యేళ్ళను ఆదుకోవలసింది ఊళ్ళోని ఉపకేంద్రం, అందులోని బీపీ మిషను, నెలనెలా తప్పకుండా దొరికే బిళ్ళ. 2017లో మొదలైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమం తొలి అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ఇలాంటిది ప్రతి ఊరికీ చేరడమే ఇప్పుడు నిజమైన గుండె చికిత్స.

ఇంట్లో చేయవలసినవి కొత్తవేం కావు. రోజుకు అన్నిటిలోనూ కలిపి ఉప్పు ఒక టీచెంచా మించకూడదు. ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ ఒకే పూట కలిస్తే అది దాటినట్టే. చుట్ట, బీడీ, గుట్కా ఏదైనా మానాలి. ముప్ఫై దాటిన ప్రతివాళ్ళూ ఏడాదికోసారి బీపీ చూపించుకోవాలి. గుండెల్లో బరువు, చెమటలు కలిసి వస్తే గ్యాస్ అవునో కాదో ఈసీజీ తేల్చాలి, సోడా కాదు.

మొన్న ఊరెళ్ళినప్పుడు పెదనాన్న కొడుక్కి బీపీ చూశాను. నలభై మూడేళ్ళు. పై అంకె 160. "నాకేం బాధలేదురా, బాగానే ఉన్నాను" అన్నాడు. పక్కనే మంచం మీద కూర్చుని ఉన్న పెద్దమ్మ ఆ మాట విని, లేచి వెళ్ళి అలమరలోంచి అన్నయ్యకు ఉపకేంద్రంలో ఇచ్చిన చీటీ, బిళ్ళల అట్ట తెచ్చి అతని చేతిలో పెట్టింది. "మీ నాన్నా ఇదే మాట అనేవాడు" అంది. అన్నయ్య ఏమీ అనలేదు. బిళ్ళ వేసుకుని నీళ్ళు తాగాడు.